సీడీ4 తగ్గిందంటే జబ్బు ముదిరినట్టేనా?

డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 36. మాది పల్నాడు వైపు పల్లెటూరు. ఇంట్లో బట్టలు కుడతాను. నాకు హెచ్ఐవీ ఉందని 2021లో తెలిసింది. మా ఆయనకూ, పాపకూ లేదు. అప్పుడు నా సీడీ4 (రోగాలతో పోరాడే తెల్ల కణాల లెక్క) 164. ఆ రోజు నుంచి రాత్రిపూట ఒక మాత్ర మానకుండా వేసుకుంటున్నాను. ఏడాదికి 290 అయింది. మందులిచ్చే ప్రభుత్వ సెంటర్లో చివరిసారి చేసినప్పుడు 538 వచ్చింది, పక్కన 28 శాతం అని ఉంది. రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే వైరల్ లోడ్ పరీక్షలో ‘టార్గెట్ నాట్ డిటెక్టెడ్’, అంటే వైరస్ కనబడలేదు అని వచ్చింది. ఇక సీడీ4 అక్కర్లేదు, ఏడాదికోసారి వైరల్ లోడ్ చాలు అన్నారు. ఉచితంగా చేసేది కదా, ఖర్చు తగ్గించుకోవడానికి మానేశారేమో అని నా అనుమానం. పోయిన నెల వారం రోజులు జ్వరంతో పడుకున్నాను. తగ్గిన నాలుగో రోజు ప్రైవేటు ల్యాబులో సీడీ4 చేయించుకుంటే 436 వచ్చింది, 29 శాతం. అప్పటి నుంచి కంటి మీద కునుకు లేదు. జబ్బు ముదురుతోందా? మందు మార్చాలా? నెలనెలా టెస్టు చేయించుకోవాలా? సీడీ4 పెంచే పొడి అంటూ నెలకు 4,500 రూపాయలకు ఒకాయన ఇస్తానంటున్నాడు. మా అమ్మ తీసుకోమని పోరుతోంది. రిపోర్టు చూసినప్పటి నుంచి పాపను పక్కన పడుకోబెట్టుకోవడం లేదు.
— ఒక సోదరి

అమ్మా, ముందు పాప సంగతి చెబుతాను. పక్కన పడుకుంటే, ముద్దు పెట్టుకుంటే, ఒకే కంచంలో తింటే హెచ్ఐవీ అంటదు. మీ సీడీ4 436 ఉన్నా అంటదు, 36 ఉన్నా అంటదు. ఈ రాత్రికే పాపను పక్కలోకి తెచ్చుకోండి. మీ ఆయన గురించి మీరు అడగలేదు కానీ, ఆ భయమూ లోపల ఉండే ఉంటుంది. వైరల్ లోడ్ పరీక్షకు అందనంత తక్కువగా ఉండి, మందు మానకుండా వాడేవాళ్ల నుంచి భాగస్వామికి లైంగికంగా వైరస్ సోకదు. వేల జంటలను ఏళ్ల తరబడి గమనించి తేల్చిన విషయం ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇదే చెబుతోంది.

ఇక మీ ప్రశ్న. మీరు రాసినదాన్ని బట్టి జబ్బు ముదరడం లేదు. మందు మార్చాల్సిన కారణం ఒక్కటీ నాకు కనబడలేదు. ఆ మాటకు ఆధారం మీ ఉత్తరంలోనే ఉంది, కాస్త ఓపికగా చూద్దాం.

రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకోండి. మీ చూపు 538, 436 దగ్గరే ఆగిపోయింది. పక్కనున్న శాతం చూడండి. అప్పుడు 28, ఇప్పుడు 29. తగ్గలేదు సరికదా, ఒకటి పెరిగింది. ఈ శాతం ఏమిటంటే, రక్తంలో లింఫోసైట్లు అనే ఒక రకం తెల్ల కణాలు ఉంటాయి. వాటిలో నూటికి ఎన్ని సీడీ4 కణాలో చెప్పేదే ఈ అంకె. లెక్క వేసి చూస్తే, మొదటిసారి మీ లింఫోసైట్లు మొత్తం 1,920 దాకా ఉన్నాయి. అందులో 28 శాతం అంటే 538. రెండోసారి మొత్తమే 1,500 చిల్లర. అందులో 29 శాతం 436. అంటే సీడీ4 కణాల వాటా ఎక్కడా పోలేదు. ఆ రోజు మొత్తం లింఫోసైట్లే తక్కువగా ఉన్నాయి. నాలుగు రోజుల కిందటి వరకు జ్వరంతో ఉన్న మనిషికి అలా ఉండటంలో వింతేమీ లేదు. మామూలు వైరల్ జ్వరాల్లో హెచ్ఐవీ లేనివాళ్లకు కూడా ఈ కణాలు కొన్నాళ్లు తగ్గి, మళ్లీ వాటంతట అవే పెరుగుతాయి. హెచ్ఐవీ వల్లే సీడీ4 పోతుంటే శాతం కూడా దానితోపాటే దిగుతుంది. పెద్దవాళ్లలో 200 కౌంట్‌కు సాటి శాతం 14. మీరు దానికి రెండింతల మీద ఉన్నారు.

ఈ పరీక్ష ఎలా చేస్తారో తెలిస్తే ఆ అంకెను ఎంతవరకు పట్టించుకోవాలో మీకే అర్థమవుతుంది. ఊదా రంగు మూత ఉన్న చిన్న ట్యూబులో రక్తం తీస్తారు. అందులో మెరిసే రంగు తగిలించిన యాంటీబాడీలు కలుపుతారు. అవి సీడీ4 కణాలను వెతికి పట్టుకుని అంటుకుంటాయి. తర్వాత ఆ కణాలు యంత్రంలో ఒకదాని వెనక ఒకటి లేజర్ వెలుగు ముందు నుంచి వెళ్తుంటే, మెరిసినవాటిని యంత్రం లెక్కపెడుతుంది. ఇంత పద్ధతిగా లెక్కపెట్టినా అది లెక్కించేది కొంచెం రక్తంలోని కణాలనే. కౌంట్ 436 అంటే ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో 436 కణాలని అర్థం. అది ఒక చుక్కలో దాదాపు యాభయ్యో వంతు. పైగా మన లింఫోసైట్లలో రక్తంలో తిరిగేవి నూటికి రెండు మాత్రమే. మిగతావన్నీ లింఫు గ్రంథుల్లో, ప్లీహంలో, పేగుల గోడల్లో కాపురం ఉంటాయి. ఊళ్లో ఎంతమంది ఉన్నారో తెలుసుకోవడానికి బస్టాండులో నిలబడి తలలు లెక్కపెట్టడం లాంటిది ఈ పరీక్ష. సంత రోజున ఒక లెక్క వస్తుంది, ముసురు పట్టిన రోజున ఇంకో లెక్క వస్తుంది. ఊరి జనాభా మాత్రం అదే.

అందుకే ఈ అంకె ఒకే మనిషిలో ఒకే రోజున కూడా మారుతుంది. మధ్యాహ్నం ప్రాంతంలో తక్కువగా, రాత్రి వేళకు ఎక్కువగా ఉంటుంది. స్టెరాయిడ్ మాత్రలు వాడితే తగ్గుతుంది. గర్భంతో ఉన్నప్పుడు రక్తం పలచబడి కౌంట్ తగ్గుతుంది, శాతం మాత్రం పెద్దగా మారదు. రక్తం తీసిన ట్యూబును ఫ్రిజ్‌లో పెట్టినా, రోజుల తరబడి ఉంచినా లెక్క తప్పుతుంది. ఒక ల్యాబు యంత్రానికీ ఇంకో ల్యాబు యంత్రానికీ తేడా ఉంటుంది. ఇవన్నీ చూసే, కౌంట్ సుమారు 30 శాతం మారితే గానీ, లేదా పక్కనున్న శాతం అంకె 3 మేర కదిలితే గానీ నిజమైన మార్పుగా తీసుకోం. మీకు 538 నుంచి 436 అంటే తగ్గింది 19 శాతం. అదీ వేరే ల్యాబు, వేరే యంత్రం, జ్వరం తగ్గిన నాలుగో రోజు.

మరి ఈ అంకె అంటే మనవాళ్లకు ఇంత భయం ఎందుకు? అందులో మా వైద్యుల పాత్ర చాలా ఉందమ్మా. 2004 ఏప్రిల్ 1న మన దేశంలో హెచ్ఐవీని అణిచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలైంది. ఎక్కువ కేసులున్న ఆరు రాష్ట్రాలు, ఢిల్లీతో మొదలుపెట్టారు. ఆ ఆరింటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మందులు తక్కువ, మనుషులు ఎక్కువ. కాబట్టి సీడీ4 200 కంటే తక్కువ ఉన్నవాళ్లకు ముందు ఇవ్వాలన్నారు. అప్పట్లో నేను పనిచేసిన చోట రిపోర్టుల రోజు వస్తే వరండాలో పరీక్షా ఫలితాల రోజులా ఉండేది. ‘నీకెంత, నాకెంత’ అని ఒకరినొకరు అడిగేవాళ్లు. 230 వచ్చినవాళ్లకు ‘మీకు ఇంకా మందులు మొదలుపెట్టే వేళ కాలేదు, ఆరు నెలలకు రండి’ అని నా నోటితో నేనే చెప్పాను. 212 వచ్చిన ఒక లారీ డ్రైవరు, ‘ఇంకో పన్నెండు తగ్గితే ఇస్తారా సార్’ అని అడిగాడు. ఆరు నెలలకు రాలేదు. తొమ్మిదో నెలలో టీబీతో, మంచం మీద మోసుకొచ్చారు. అతను నాకు ఇప్పటికీ గుర్తొస్తాడు.

ఆ తర్వాత మందు మొదలుపెట్టే గీత 200 నుంచి 350కి జరిగింది, తర్వాత 500కి జరిగింది. 2015లో ‘స్టార్ట్’ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. అందులో 35 దేశాల నుంచి 4,685 మంది ఉన్నారు. అందరికీ సీడీ4 500 పైనే. సగం మందికి వెంటనే మందు మొదలుపెట్టారు. మిగతా సగం 350కి దిగేదాకా ఆగారు. వెంటనే మొదలుపెట్టినవాళ్లలో తీవ్రమైన జబ్బులు, మరణాలు కలిపి 57 శాతం తక్కువ. ఇక ఆగడంలో అర్థం లేదని తేలిపోయింది. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ, 2017లో మన దేశం, కౌంట్ ఎంతున్నా హెచ్ఐవీ ఉన్న ప్రతి ఒక్కరికీ మందు ఇవ్వాలని నిర్ణయించాయి. మందు కోసం గీత దాటాల్సిన అవసరం పోయింది. కానీ ఆ గీత వేసిన భయం మాత్రం జనంలో ఉండిపోయింది. మీకు నిద్ర పట్టకపోవడానికి సగం కారణం ఆ పాత భయమే అనుకుంటాను.

ఇక సెంటర్లో పరీక్ష ఎందుకు ఆపారంటే, అది ఖర్చు దాచుకోవడం కాదు. దీనికి మన చెరువు లెక్క చెబుతాను. చెరువుకు గండి పడితే రెండు సంగతులు చూస్తాం. నీటి మట్టం ఎంత ఉంది, గండిలోంచి నీళ్లు ఎంత జోరుగా పోతున్నాయి. సీడీ4 నీటి మట్టం. వైరల్ లోడ్ ఆ గండి. హెచ్ఐవీ సీడీ4 కణానికి అతుక్కుని, లోపలికి దూరి, దాన్నే ఫ్యాక్టరీ చేసుకుని తన పిల్లలను కంటుంది. అందుకే మందు లేకపోతే మట్టం ఏటేటా దిగుతుంది. సగటున ఏడాదికి 50 నుంచి 100 దాకా పోతుంది. అలా ఎనిమిది, పదేళ్లకు అడుగంటుతుంది. ఎవరికి ఎంత వేగంగా అడుగంటుతుందో చెప్పేది వైరల్ లోడే. మీకు ‘టార్గెట్ నాట్ డిటెక్టెడ్’ అని వచ్చింది. అంటే గండి పూడింది. గండి పూడిన చెరువులో ఎండకు రెండంగుళాలు తగ్గినా, వానకు మూడంగుళాలు పెరిగినా గట్టు మీద కాపలా కాయక్కర్లేదు. కాపలా కాయాల్సింది గండి దగ్గర, అది మళ్లీ తెగకుండా.

పైగా మందు పనిచేయడం మానేస్తే వైరల్ లోడ్ ముందు పెరుగుతుంది. సీడీ4 తగ్గడం ఆ తర్వాత ఎన్నో నెలలకు కనబడుతుంది. అందరికీ వైరల్ లోడ్ పరీక్ష అందని కాలంలో సీడీ4ను చూసే మందు పనిచేస్తోందో లేదో ఊహించేవాళ్లం. అలా ఊహించి మందు బాగా పనిచేస్తున్నవాళ్లకు మార్చినవీ ఉన్నాయి, పనిచేయనివాళ్లకు నెలల తరబడి కొనసాగించినవీ ఉన్నాయి. 2018 నుంచి ఏఆర్‌టీ కేంద్రాల్లో వైరల్ లోడ్ అందరికీ ఉచితంగా చేస్తున్నారు. మందు మొదలుపెట్టిన ఆరో నెలలో, పన్నెండో నెలలో, తర్వాత ఏడాదికోసారి. సీడీ4 350 దాటి, వైరల్ లోడ్ వెయ్యి లోపు ఉన్నవాళ్లకు సీడీ4 పరీక్ష ఆపవచ్చని జాతీయ మార్గదర్శకాల్లోనే ఉంది. మీకు ఆపడం మీరు బాగున్నారని అర్థం. ఆ రోజు కౌన్సెలరు ఈ ఒక్క మాట చెప్పి ఉంటే మీకు ఇంత బాధ ఉండేది కాదు. రద్దీలో చెప్పలేకపోయి ఉంటారు. చెప్పాల్సింది మాత్రం వాళ్లే, అడగడానికి మీరు మొహమాటపడకండి.

అలాగని సీడీ4 పనికిరాని పరీక్ష అనుకోవద్దు. 2021లో మీకు 164 అని చూపించినది అదే. ఆ అంకె వల్లే మీకు అప్పుడు సెప్ట్రాన్ మాత్రలు కూడా ఇచ్చి ఉంటారు. 200 లోపు ఉన్నవాళ్లకు ఒక రకం న్యుమోనియా ముప్పు ఎక్కువ, దాన్ని ఆ మాత్ర అడ్డుకుంటుంది. ఇంకా దిగి 100 లోపు పడితే మెదడుకు వచ్చే ఇన్ఫెక్షన్లు, 50 లోపైతే కంటిచూపును తీసేసే ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం ఉంది. కౌంట్ చూసుకునే ఏ ముప్పు కోసం వెతకాలో మేం నిర్ణయించుకుంటాం. ఇప్పటికీ చాలామంది బాగా ముదిరాక, 200 లోపుతో మొదటిసారి ఆసుపత్రికి వస్తున్నారు. వాళ్లకు ఈ పరీక్ష ప్రాణం నిలిపే పరీక్ష. మందు మధ్యలో మానేసి తిరిగొచ్చినవాళ్లకు, వైరల్ లోడ్ వెయ్యి దాటినవాళ్లకు, కొత్తగా ఏదైనా పెద్ద జబ్బు చేసినవాళ్లకు మళ్లీ చేయాల్సిందే. చిన్నపిల్లలకు మాత్రం పెద్దల అంకెలు వర్తించవు. వాళ్లకు సహజంగానే కౌంట్ చాలా ఎక్కువగా ఉంటుంది, అందుకే ఐదేళ్ల లోపు పిల్లల్లో శాతమే చూస్తారు.

టీబీ ఒక్కటి ఈ లెక్కలకు లొంగదు. సీడీ4 600 ఉన్నా రావచ్చు. దగ్గు, జ్వరం, రాత్రిళ్లు చెమటలు, బరువు తగ్గడం, ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి ఉన్నా సెంటర్లో చెప్పండి. మీకు వారం రోజులు జ్వరం వచ్చిందన్నారు కదా, ఆ సంగతి తప్పకుండా చెప్పండి. నిజం చెప్పాలంటే, మీ ఉత్తరంలో 436 కంటే నన్ను ఆలోచింపజేసింది ఆ జ్వరమే. తగ్గిపోయింది కాబట్టి మామూలు జ్వరమే అయి ఉండొచ్చు. మళ్లీ వస్తే మాత్రం ఆగకండి.

పొడి కొనకండి. నెలకు 4,500 అంటే మీరు ఎన్ని జాకెట్లు కుడితే వచ్చే డబ్బు? సీడీ4ను పెంచే పొడి గానీ, రసం గానీ లేదు. మీ సీడీ4 164 నుంచి 538కి రావడానికి కారణం రాత్రిపూట మీరు వేసుకున్న ఆ ఒక్క మాత్ర. వైరస్ ఆగింది, మీ ఎముకల మజ్జ, గ్రంథులు తమ పని తాము చేసుకున్నాయి. ఇంకో ముఖ్యమైన సంగతి. మీరు వాడేది టెనోఫోవిర్, లామివుడిన్, డోల్యుటెగ్రావిర్ కలిసిన మాత్ర అయి ఉంటుంది, ఇప్పుడు ఎక్కువమందికి ఇచ్చేది అదే. డోల్యుటెగ్రావిర్‌ను ఐరన్, క్యాల్షియం, గ్యాస్ మందుల్లోని అల్యూమినియం, మెగ్నీషియం పట్టేసి ఒంటికి సరిగా అందనివ్వవు. ఆ పొడిలో ఏముందో అమ్మే ఆయనకే తెలియకపోవచ్చు. బలానికని అలాంటివి కలిపి ఉంటే, గండి పూడ్చిన మట్టిని మీరే తవ్వినట్టవుతుంది. ఐరన్ మాత్రలో, క్యాల్షియం మాత్రలో, గ్యాస్ సిరప్పో వాడాల్సి వస్తే, మీ మాత్ర వాటికి రెండు గంటల ముందైనా, ఆరు గంటల తర్వాతైనా వేసుకోవాలి. అమ్మగారికి ఈ పేరా చదివి వినిపించండి. ఆవిడ భయమూ మీ మీద ప్రేమతోనే. మీకు బలం కావాలని ఆవిడకు ఉంటే గుడ్లు, పప్పు, పాలు ఇంట్లోనే ఉన్నాయి కదా.

నెలనెలా పరీక్ష కూడా వద్దు. పన్నెండు సార్లు చేయిస్తే పన్నెండు అంకెలు వస్తాయి. ఒకసారి 470, ఒకసారి 590, ఇంకోసారి 410. ప్రతి తగ్గుదలకూ మీరు వారం నిద్ర పోగొట్టుకుంటారు, ప్రతి పెరుగుదలకూ ఆ పొడి అమ్మేవాడు తన గొప్పే అంటాడు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. పెరిగింది కదా అని మందు ఆపడం ఎప్పుడూ చేయొద్దు. 2006లో వచ్చిన ‘స్మార్ట్’ అధ్యయనంలో సరిగ్గా అదే చేసి చూశారు. సీడీ4 350 దాటితే మందు ఆపడం, 250కి దిగితే మళ్లీ మొదలుపెట్టడం. అలా ఆపినవాళ్లలో జబ్బులు, మరణాలు ఎక్కువై, అధ్యయనాన్నే మధ్యలో ఆపేయాల్సి వచ్చింది.

మీ కౌంట్ ఎప్పటికీ 500 దగ్గరే ఉండిపోవచ్చు, 800కి వెళ్లొచ్చు. హెచ్ఐవీ లేని పెద్దవాళ్లకే 500 నుంచి 1,500 దాకా ఎంతైనా ఉంటుంది. 164 దగ్గర మొదలుపెట్టినవాళ్లకు పెరుగుదల మెల్లగా ఉంటుంది, కొందరికి మధ్యలో ఒకచోట ఆగిపోతుంది. వైరల్ లోడ్ అణిగి ఉన్నంతకాలం దానికోసం మందు మార్చం.

ఇప్పుడు చేయాల్సింది ఇది. ఈసారి మందులకు వెళ్లినప్పుడు రెండు రిపోర్టులూ, ఏఆర్‌టీ పుస్తకమూ తీసుకెళ్లండి. ప్రైవేటులో చేయించినందుకు కోప్పడతారేమోనని దాచకండి. జ్వరం ఎప్పుడు వచ్చింది, ఎన్నాళ్లుంది, ఏ మందులు వాడారు అన్నీ చెప్పండి. మీ చివరి వైరల్ లోడ్ ఏ తేదీన చేశారో అడగండి. ఏడాది దాటి ఉంటే ఇప్పుడే చేయమని అడగండి, అది మీ హక్కు. ఒకవేళ 436 మీ మనసులోంచి పోకపోతే, జ్వరం తగ్గి నెలన్నర దాటాక, ఉదయం పూట, సెంటర్లోనే ఒక్కసారి సీడీ4 చేయగలరేమో డాక్టరుగారిని అడిగి చూడండి. చేస్తే కౌంట్‌తోపాటు శాతం కూడా రాయించుకోండి. మధ్యలో ఏ అనుమానం వచ్చినా 1097కి ఫోన్ చేయండి. అది జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్, డబ్బులు పడవు, మీ పేరు చెప్పాల్సిన పని లేదు. వైరల్ లోడ్ రిపోర్టు వచ్చాక నాకు మళ్లీ రాయండి, ఎదురుచూస్తుంటాను.